‘మీరు చాలా పోష్’ అంటే పొగడ్తా, ఎత్తిపొడుపా?

పశ్చిమ యార్క్‌షైర్‌లోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఊరూ పేరూ బయటపెట్టవద్దని కోరారు కనుక ఆ జోలికి పోకుండా విషయం మాత్రం కుదించి చెబుతాను. ఆమెకు 39 ఏళ్లు. పుట్టింది తెనాలి దగ్గర పల్లెలో, చదివింది గుంటూరులో కాన్వెంటులో, పదకొండేళ్లు ఉద్యోగం చేసింది హైదరాబాదులో. భర్త ఉద్యోగం వల్ల ఇంగ్లండు వెళ్లి, మూడేళ్లు లండనుకు దక్షిణాన సర్రీలో ఉండి, పోయిన ఏడాది ఉత్తరానికి మారారు. ప్రస్తుతం ఒక ఆసుపత్రి లెక్కల విభాగంలో పనిచేస్తున్నారు. సర్రీలో ఉన్నన్నాళ్లూ తనను ఎవరూ ఏమీ అనలేదనీ, ఇక్కడికి వచ్చిన మొదటి వారం నుంచే తన మెడలో ఒక మాట తగిలించారనీ ఆమె బాధ. ఆ మాట ‘పోష్’.

మొదటిసారి విన్నప్పుడు ఆమె ఉలిక్కిపడ్డారట. హైదరాబాదు ఆఫీసులో ‘పోష్’ అంటే పనిచేసే చోట స్త్రీలపై వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం. ఆ పేరుతో శిక్షణ, ఆ పేరుతోనే ఒక కమిటీ. అది కాక ఆమెకు తెలిసిన పోష్ ఒక్కటే, జూబ్లీహిల్స్ లాంటి ‘పోష్ ఏరియా’. ఇక్కడ అది మనిషికి అంటుతోంది. మధ్యాహ్నం మూడు గిన్నెల స్టీలు క్యారేజీ విప్పి, ఒళ్లో గుడ్డ రుమాలు పరుచుకోగానే పక్క బల్ల ఆవిడ ‘ఊ, డెడ్ పోష్!’ అన్నది. ఫోనులో ఎవరితోనో మాట్లాడి పెట్టేస్తే, వెనక నుంచి ఇంకొకరు ఆమె ‘ఆఫ్టర్‌నూన్’ను దీర్ఘం తీసి అనుకరించారు, అందరూ నవ్వారు. ఇంట్లో సంగతి అంతకంటె చిక్కుగా ఉంది. పదమూడేళ్ల కూతురిని బడిలో పోష్ అంటున్నారు. ఆ పిల్ల మూడు నెలల్లో ఉచ్చారణ మార్చేసుకుని, ఉపాధ్యాయులను కలిసే సాయంత్రం తల్లితో, ‘నువ్వు ఎక్కువ మాట్లాడకు అమ్మా, నాన్నను మాట్లాడనీ’ అన్నది. ఆ మాటకు ఆమె ఆ రాత్రి నిద్రపోలేదు.

ఇంకో సంఘటన. భర్త పై అధికారి హారోగేట్ దగ్గర తన ఇంటికి భోజనానికి పిలిచాడు. పాత రాతి ఇల్లు, పెద్ద తోట. ఆ మాట మంచిదే అయి ఉంటుందనే నమ్మకంతో ఈమె ఇంటావిడతో ‘మీ ఇల్లు చాలా పోష్‌గా ఉంది’ అన్నారు. ఆమె ‘అయ్యో, అదేమీ కాదు’ అని, పైకప్పు కారుతున్న సంగతి ఎత్తుకుంది. బల్ల దగ్గర రెండు క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. తిరుగు ప్రయాణంలో భర్త, ఆ మాట అనకుండా ఉండాల్సింది అన్నాడు. ఎందుకో మాత్రం చెప్పలేకపోయాడు. ఇప్పుడు ఆయన కూతురిని ఫీజులు కట్టే ప్రైవేటు బడికి మారుద్దామంటున్నారు, అక్కడ ఈ గొడవ ఉండదని. అది పొగడ్తా, తిట్టా, ఆఫీసులో ఫిర్యాదు చెయ్యాలా, కూతురి విషయంలో ఏం చెయ్యాలి, బడి మార్చాలా అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు ఆ మాటకు ఒక అర్థం కోసం వెతుకుతున్నారు. నిఘంటువు మీకు ‘ఖరీదైన, దర్జా అయిన, పై తరగతికి చెందిన’ అని చెబుతుంది. అది నిజమే, కానీ మీకు పనికిరాదు. ఆ మాట అర్థం సగం మాటలో ఉంటే, మిగతా సగం అన్నవారికీ అనిపించుకున్నవారికీ మధ్య ఉన్న దూరంలో ఉంటుంది. మనకు ఇది కొత్త కాదు. ‘దొర’ అనే మాట చూడండి. ఆలస్యంగా నిద్రలేచిన మేనల్లుడిని ‘ఏం దొరగారూ, అప్పుడే తెల్లవారిందా?’ అంటే ముద్దు. తోటి కూలీని ‘వాడు దొరలే, మట్టి ముట్టుకోడు’ అంటే ఎత్తిపొడుపు. తెలంగాణ పల్లెలో గడీ ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన తరం నోట అదే మాటలో భయమూ మంటా ఉంటాయి. ‘దొర’ అంటే పొగడ్తా తిట్టా అని ఒక ఆంగ్లేయుడు మిమ్మల్ని అడిగితే మీరేం చెబుతారు? ఎవరు అన్నారు, ఎవరిని అన్నారు, నవ్వుతూ అన్నారా అని ఎదురు అడుగుతారు. ‘పోష్’ సంగతీ అంతే.

అయితే ఒక తేడా ఉంది, హారోగేట్ బల్ల దగ్గర మిమ్మల్ని ఇబ్బంది పెట్టింది ఆ తేడాయే. పోష్ అనేది ఎప్పుడూ అవతలివాళ్ల గురించి చెప్పే మాట. ఆ దేశంలో నిజంగా పాతకాలపు ధనిక కుటుంబాల వాళ్లు తమను గాని తమ స్నేహితులను గాని గంభీరంగా పోష్ అనుకోరు. మెచ్చుకోవాలంటే ‘స్మార్ట్’ అంటారు, పోష్ అంటే హాస్యానికే అంటారు. 1954లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయపు భాషాశాస్త్ర ఆచార్యుడు అలన్ రాస్, పై తరగతివారు వాడే మాటలనూ వాడని మాటలనూ విడదీసి ఒక వ్యాసం రాశాడు. మరుసటి ఏడాది నాన్సీ మిట్‌ఫర్డ్ అనే రచయిత్రి, ఆమె స్వయంగా ఒక ప్రభువు కూతురు, దాన్ని ఒక పత్రికలో జనానికి పరిచయం చేసింది. దేశమంతా తమ మాటలను తాము తడుముకోవడం మొదలుపెట్టింది. ఆ లెక్క ప్రకారం చేతులు తుడుచుకునే గుడ్డ ‘నాప్కిన్’ అయితే పై తరగతి, ‘సర్వియెట్’ అయితే కాదు. మరుగుదొడ్డిని ‘లావటరీ’ అంటే పై తరగతి, ‘టాయిలెట్’ అంటే కాదు. అవతలివారి మాట వినపడకపోతే ‘వాట్?’ అనాలి, ‘పార్డన్?’ అనకూడదు. మీ కాన్వెంటులో సిస్టర్లు మీకు ఏం నేర్పి ఉంటారో నేను ఊహించగలను: ‘పార్డన్’ మర్యాద, ‘వాట్’ మొరటుతనం. ఈ పట్టిక ఇప్పటి పిల్లలకు పెద్దగా పట్టదు. కానీ మీ వారి పై అధికారి ఇంటావిడ వయసువాళ్లకు దాని వాసన తెలుసు.

ఇప్పుడు ఆ బల్ల దగ్గరికి రండి. మీరు ఇంటిని మెచ్చుకున్నారనే ఆమెకు అర్థమైంది, సందేహం అక్కర్లేదు. కానీ పోష్ అనగానే ‘మీరు డబ్బున్నవారు, మేము కింద నుంచి చూస్తున్నాము’ అని పైకి చెప్పినట్టు అయింది. తమకు ఉందని ఎవరైనా పైకి అంటే ఆంగ్లేయులు సిగ్గుపడతారు. వెంటనే పైకప్పు కారుతోందనో తోటలో కలుపు పెరిగిందనో చెప్పి ఆ ఎత్తు నుంచి దిగడానికి చూస్తారు. ఆమె చేసింది అదే, మీ మీద కోపం కాదు. మన ఊళ్లో ఎవరైనా ‘మీకేమండీ, కలవారు’ అంటే ఇంటివాళ్లు ‘అంత లేదండీ, అప్పులతో ఉన్నాం’ అనరా? దానికి మీరు క్షమాపణ చెప్పనక్కర్లేదు. చెబితే మరచిపోయినదాన్ని తవ్వి తీసినట్టు అవుతుంది. భోజనానికి కృతజ్ఞతగా రెండు వాక్యాల కార్డు పంపండి, అది వాళ్ల ఆచారం కూడా. ఇకముందు ఇంటిని మెచ్చుకోవాలంటే ‘లవ్లీ’ అనండి. గుడిసెకూ కోటకూ సరిపోయే మాట అది.

మీ వారి సంగతి ఒకటి. ఉత్తరం మధ్యలో మీరు రాశారు, ఆయన కూతురికి ధైర్యం చెప్పడానికి ఆ మాట పుట్టుక కథ చెప్పారని: ఇంగ్లండు నుంచి ఇండియాకు వచ్చే ఓడల్లో, వెళ్లేటప్పుడు ఎడమ వైపూ వచ్చేటప్పుడు కుడి వైపూ ఉండే నీడ గదులను డబ్బున్నవాళ్లు తీసుకునేవారనీ, ‘పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్’ అని టిక్కెట్ల మీద ముద్ర వేసేవారనీ, ఆ నాలుగు మొదటి అక్షరాలే పోష్ అయ్యాయనీ. కథ బాగుంది. ఎర్ర సముద్రపు ఎండలో నీడ గదికి విలువ ఉంటుందన్నది కూడా నిజమే. కానీ అలాంటి ముద్ర ఉన్న టిక్కెట్టు ఒక్కటీ ఇంతవరకు దొరకలేదు, ఆ కథ అచ్చులో కనిపించేది 1930ల నుంచే. మాట అంతకు చాలా ముందే వాడుకలో ఉంది. 1918 సెప్టెంబరులో ‘పంచ్’ హాస్యపత్రికలో ఒక వైమానిక దళపు కుర్రాడు తన తల్లితో ‘పోష్ టైమ్’ గడిపామని చెప్పే బొమ్మ అచ్చయింది. దానికి ముందు పందొమ్మిదో శతాబ్దపు వీధి భాషలో పోష్ అంటే చిల్లర డబ్బు, ముఖ్యంగా అర పెన్నీ. ఆ అర్థం రోమానీ భాషలో ‘సగం’ అనే మాట నుంచి వచ్చింది. ఇంగ్లండులో జిప్సీలని పిలిచేవారి భాష అది. మన ఉత్తరాది భాషల కుటుంబానిది. కనుక ఆ మాటకు భారతదేశంతో సంబంధం ఉన్నా ఉండవచ్చు గాని, అది మొదటి తరగతి నీడ గదిలో ప్రయాణించి రాలేదు. వస్తే గుడారాలు వేసుకుని ఊరూరా తిరిగినవాళ్ల మూటలో వచ్చి ఉంటుంది. ఈ కథ కూతురికి చెప్పండి, ఓడ కథ కంటె ఇది ఆ వయసు పిల్లలకు ఎక్కువ నచ్చుతుంది.

ఇక మీ ఆఫీసు. సర్రీలో ఎవరూ అనలేదు, ఇక్కడే ఎందుకు అంటున్నారన్న మీ ఆశ్చర్యానికి జవాబు మీ నోట్లోనే ఉంది. ‘బాత్’, ‘గ్రాస్’, ‘ఆఫ్టర్‌నూన్’ అనే మాటల్లో ‘ఆ’కారాన్ని దీర్ఘంగా పలకడం ఇంగ్లండు దక్షిణాన పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో స్థిరపడింది. ఉత్తరానికి అది ఎక్కలేదు. యార్క్‌షైర్‌లో ఇప్పటికీ ఆ అచ్చు పొట్టిది, ‘బ్యాత్’కు దగ్గరగా వినిపిస్తుంది. లండను పలుకుబడే సరైన ఇంగ్లీషని రేడియోలోనూ పెద్ద బళ్లలోనూ చాలాకాలం చలామణీ అయింది గనుక, ఆ దీర్ఘం వినగానే ఉత్తరాది చెవికి ‘దక్షిణాది, డబ్బు, అధికారం’ మూడూ కలిసి వినిపిస్తాయి. 1941లో బీబీసీ, మీ పక్కనున్న హాలిఫాక్స్‌లో పుట్టిన విల్‌ఫ్రెడ్ పికిల్స్ చేత దేశమంతటికీ వార్తలు చదివించినప్పుడు, ఆయన ఉత్తరాది యాసలో చెప్పిన ‘గుడ్ నీట్’ ఒక పెద్ద వింత అయిపోయింది. తమ నోటి మాటే వార్తకు తగదన్నట్టు విన్నవాళ్ల మనవళ్లూ మనవరాళ్లూ ఇవాళ మీ పక్క బల్లల దగ్గర కూర్చున్నారు.

కాని ఆ దీర్ఘం మీకు ఎక్కడిదో చూడండి. తెనాలిలో టీ కొట్టు దగ్గర ఎవరినైనా అడగండి, ‘గ్లాసు’ అంటారు. ‘గ్ల్యాసు’ అనరు. బడికి వెళ్లని మనిషి కూడా ‘క్లాసు’, ‘పాసు’, ‘బాత్‌రూమ్’ అనే అంటాడు. మనకు ఇంగ్లీషు నేర్పినవాళ్లు ఆ దక్షిణాది దీర్ఘాన్ని మన భాషలో వదిలిపెట్టి పోయారు. ఆటో డ్రైవరు మొదలు దొడ్లో పాలు పిండేవాడి దాకా మన రాష్ట్రాల్లో అందరూ ఆ ఒక్క అచ్చు విషయంలో యార్క్‌షైర్ చెవికి పోష్‌గానే ఉంటాం! ఇది తెలిశాక మీ బాధ సగమైనా తగ్గుతుందని నా ఆశ. పైగా అదే నోటితో మీరు ‘టాయిలెట్’ అంటారు, ‘పార్డన్’ అంటారు. మిట్‌ఫర్డ్ పట్టికలో ఆ రెండూ కింది గడిలో ఉన్నాయి. అంటే వాళ్ల తరగతుల నిచ్చెన మీద మీరు ఏ మెట్టు మీదా సరిగ్గా కుదరరు. కుదరని మనిషిని దగ్గరున్న మాటతో పిలుస్తారు.

పక్క బల్ల ఆవిడ ‘డెడ్ పోష్’ అన్నప్పుడు, ఆ ‘డెడ్’ అంటే అక్కడ ‘మహా’ అని అర్థం. మనం చద్దన్నంలో నెయ్యి వేసుకునేవాణ్ణి ‘మహా భోగం’ అన్నట్టు. నా అంచనా, ఆవిడ మీతో కలవడానికి వేసిన మొదటి అడుగు అది. ఉత్తరాదిన ఒకరిని ఆటపట్టించడం పరిచయపు గుర్తు. ఏమీ అనకుండా మర్యాదగా ఉంటేనే దూరం పెట్టారనుకోవాలి. సర్రీలో మిమ్మల్ని ఎవరూ ఏమీ అనకపోవడం గౌరవమో, పట్టించుకోకపోవడమో, మీరే ఒకసారి వెనక్కి తిరిగి ఆలోచించుకోండి. మీరు చదివిన రంగు ఆ మాటకు లేదనడానికి ఇంకొక ఆనవాలు: నిజంగా టెక్కు అని వేలెత్తి చూపాలంటే వాళ్ల దగ్గర వేరే మాటలున్నాయి, ‘స్టక్ అప్’, ‘స్నూటీ’. పోష్ అనేది టెక్కు కాదు, దానికి ఇంటి పక్కనున్న మాట.

ఫోను వెనక నవ్విన సంగతి మాత్రం నేను అంత తేలిగ్గా తీసేయను. క్యారేజీని చూసి అన్నది మీ ముందు, మీకు వినిపించేలా, మీరూ నవ్వగలిగేలా అన్నది. ఫోను పెట్టగానే అనుకరించింది మీ వీపు వెనక. అందులో వెక్కిరించింది మీ దక్షిణాది దీర్ఘాన్నా, మీ భారతీయ ఉచ్చారణనా అన్నది ముఖ్యం. అనుకరణలో మన ‘ట’, ‘డ’లను బరువుగా పలికి, తల ఊపి ఉంటే అది తరగతి గురించిన ఆట కాదు. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం రక్షణ ఇచ్చే తొమ్మిది అంశాల్లో తరగతి లేదు. అంటే ఉత్తినే పోష్ అన్నందుకు చట్టం మీకు తోడు రాదు. జాతి ఉంది, అందులో జాతీయత, పుట్టుక మూలాలూ వస్తాయి. మీ దేశపు ఉచ్చారణను పట్టుకుని మళ్లీ మళ్లీ ఎగతాళి చేస్తే అది ఆ పరిధిలోకి రావచ్చు. ఏం జరిగిందో, ఏ రోజో, ఎవరెవరు ఉన్నారో రాసిపెట్టుకోండి. అడగవలసి వస్తే ఏకాస్ అనే ప్రభుత్వ సంస్థ ఉద్యోగులకు ఉచితంగా ఫోనులో సలహా ఇస్తుంది.

కానీ ఒక్కసారి జరిగినదాన్ని నేరుగా ఫిర్యాదుగా మారిస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. విచారణ మొదలవుతుంది, అందరూ జాగ్రత్తపడతారు, మీ ఎదుట ఎవరూ ఏమీ అనరు, టీ పెట్టుకునేటప్పుడు ‘మీకూ కావాలా’ అని అడగడం కూడా మానేయవచ్చు. ఎగతాళి నిజంగా దుర్మార్గమైతే ఆ మూల్యం కట్టవలసిందే. కాకపోతే, ముందు ఆ అనుకరించిన మనిషిని ఒంటరిగా ఉన్నప్పుడు ‘మొన్న నా మాటలో మీకు నవ్వు తెప్పించింది ఏమిటి?’ అని మామూలు గొంతుతో అడిగి చూడండి. ‘మీరు వార్తలు చదివేవాళ్లలా మాట్లాడతారు’ అంటే ఒక సంగతి. ముఖం తిప్పుకుని ‘ఊరికే’ అంటే ఇంకొక సంగతి, అప్పుడు మీ నోటు పుస్తకం పనికి వస్తుంది. మూడో దారి, మీ ఉచ్చారణ మార్చుకోవడం. మీరు ఆ ఆలోచన కూడా చేశారని ఉత్తరంలో తెలుస్తోంది. నా మాట వింటే వద్దు. 39 ఏళ్ల వయసులో అరువు తెచ్చుకున్న యార్క్‌షైర్ యాస, దక్షిణాది యాస కంటె ఎక్కువ నవ్వు తెప్పిస్తుంది; ఉత్తరాదివాళ్లు దాన్ని తమను వెక్కిరించడం అనుకునే ప్రమాదం కూడా ఉంది. నేను ఆ దేశంలో కొత్తగా పాఠాలు చెప్పే రోజుల్లో కలిసిపోదామని ఒక సాయంత్రం అలా మాట్లాడి చూశాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

క్యారేజీ ఆవిడకు మాత్రం చేతనైతే రేపే ఒక గిన్నె మూత తీసి ముందుకు జరపండి. ‘పోష్ కాదు, పప్పూ అన్నం. రోజు కూలీకి వెళ్లేవాళ్లు కూడా ఇదే క్యారేజీ కట్టుకుంటారు’ అని చెప్పండి. ఆ మాట పట్టు సడలేది ఇలాంటి చోటే. అది అక్కడ తిండికి ఎంత తేలిగ్గా అంటుతుందంటే, బటానీల మీద కాస్త పుదీనా వేసినా ‘పోష్ పీస్’ అయిపోతాయి.

ఆ మాట కరిచే చోటు కూడా చూపించకపోతే నేను మీకు సగమే చెప్పినట్టు. 2012 ఏప్రిల్‌లో నాడీన్ డోరిస్ అనే పార్లమెంటు సభ్యురాలు, లివర్‌పూల్ సామాన్య కుటుంబంలో పుట్టిన మనిషి, తన పార్టీ ప్రధానమంత్రి డేవిడ్ కామెరాన్‌నూ ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బర్న్‌నూ పాల ధర తెలియని ఇద్దరు పోష్ కుర్రాళ్లని అన్నది. ఆ మాట ఏళ్ల తరబడి వాళ్లను వదలలేదు. అక్కడ పోష్ అంటే డబ్బు కాదు, ‘మీకు మా బతుకు తెలియదు’ అని. ఇటువైపు విక్టోరియా బెక్‌హామ్‌ను చూడండి. పాటల బృందంలో ఆమె పేరే ‘పోష్ స్పైస్’, అంత ముద్ర పడ్డ మనిషి కూడా 2023లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో తమది శ్రామిక కుటుంబమని చెప్పబోతే, ఆమె భర్త తలుపు సందులోంచి తల పెట్టి, ‘మీ నాన్న నిన్ను బడికి ఏ కారులో దింపేవాడో నిజం చెప్పు’ అని అడిగాడు. చాలాసేపు నసిగి, ఆమె చివరికి రోల్స్ రాయిస్ అని ఒప్పుకుంది. దేశమంతా నవ్వింది. కోట్లున్నా ఆ మాట తన మీద నిలవనివ్వకపోవడం అక్కడి అలవాటు. మీ కూతురు పదమూడేళ్లకే దాన్ని పట్టేసింది, మీరు ఇంకా పట్టలేదు. మీ ఇద్దరి మధ్య జరుగుతున్నది చాలావరకు ఇదే.

ఆ పిల్ల యాస మార్చుకోవడాన్ని మీరు ‘మమ్మల్ని కాదనుకోవడం’ అని రాశారు. కాదు. పిల్లలు ఎక్కడైనా తల్లిదండ్రుల యాసను కాక తోటి పిల్లల యాసను తీసుకుంటారు. విజయవాడ నుంచి వరంగల్ మారిన కుటుంబాల్లో మీరు ఇది చూసే ఉంటారు. గుంటూరు పిల్ల ఆరు నెలల్లో ‘ఎటు పోతున్నవ్’ అనడం మొదలుపెడితే బంధువులు ఇంటికి వచ్చి నవ్విన రోజులు మనకున్నాయి. శ్రీకాకుళం యాసకూ తెలంగాణ యాసకూ మనం చేసిన మర్యాద గుర్తుంచుకుంటే, యార్క్‌షైర్ పిల్లలను నిందించడానికి మనకు నోరు రాదు. మీ కూతురు రెండు యాసలూ పెట్టుకుని, ఎవరి దగ్గర ఏది వాడాలో తెలుసుకుంటుంది. మీరు ఇంట్లో ఆ పొట్టి అచ్చును దిద్దడం మొదలుపెడితే రెండు జరగవచ్చు: మీ ముందు నోరు మూసుకోవడం, లేదా మీ మాట కూడా ఆ ‘పోష్’లో భాగమే అనుకోవడం. దిద్దకుండా వదిలేస్తే, మీకు చెవిలో ముల్లులా ఉండే కొన్నాళ్లు మాత్రం భరించాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుకోండి. తెలుగులో ఆ పిల్లను పోష్ అనేవాళ్లు ఎవరూ లేరు.

‘నువ్వు మాట్లాడకు’ అన్న మాట మాత్రం వేరు. దాన్ని నేను సర్దిచెప్పను, మీరూ మింగకండి. కోపం లేని ఒక పూట కూర్చోబెట్టి, ఆ సాయంత్రం ఏ మాట వల్ల తను సిగ్గుపడిందో అడగండి. బహుశా మాట కాదు, గొంతు స్థాయో, ఉపాధ్యాయుణ్ణి ‘సర్’ అని పదిసార్లు పిలవడమో అయి ఉంటుంది; ఆ వయసులో తల్లి చెప్పు చప్పుడు కూడా సిగ్గే. ఆ ఒక్కటీ మీరు మానుకోగలరు. మాట్లాడటం మానుకోలేరు, వచ్చేసారి మీరే మాట్లాడతారని ఆ పిల్లకు ముందే చెప్పండి.

బడి మార్చే సంగతి. ఇంగ్లండులో ‘పబ్లిక్ స్కూల్’ అన్నది ప్రభుత్వ బడి కాదని మీకు తెలుసు. 1440లో పెట్టిన ఈటన్ లాంటివి ఆ కోవలో పైవి. మీ వారు అనుకుంటున్నది అంత పెద్దది కాకపోయినా, రోజూ వెళ్లి వచ్చే ప్రైవేటు బడికి కూడా ఏడాదికి పదిహేను వేల పౌండ్లు దాటడం మామూలే, 2025 జనవరి నుంచి దాని మీద 20 శాతం పన్ను కూడా పడుతోంది. డబ్బు ఉందనుకుందాం. అక్కడ మీ కూతురిని పోష్ అనరు, నిజమే. అక్కడ గుర్రపు స్వారీ చేసే పిల్లలు, ఫ్రాన్సులో సెలవు ఇల్లున్న పిల్లలు ఉంటారు. మూడు నెలల్లో సంపాదించుకున్న ఈ పొట్టి అచ్చు అక్కడ ‘కామన్’ అనిపించుకోవచ్చు. ఆ మాట పోష్‌కు అవతలి కొస, దానిలో ఆటపట్టింపు తక్కువ. పైగా ఇప్పుడున్న ఊళ్లో ఆ బడి చొక్కా తొడుక్కుని బస్సు దిగిన నాటి నుంచి పోష్ అన్న మాట నిజమైపోతుంది. చదువు కోసం మార్చాలనుకుంటే వేరు: అక్కడ తరగతిలో పిల్లలు తక్కువ, మంచి లెక్కల మాస్టారు దొరకవచ్చు, కొన్ని బళ్లు ఫీజులో రాయితీ కూడా ఇస్తాయి. అలాగైతే వచ్చే ఏడాదిలోపే తేల్చుకోండి. బడిలో తొమ్మిదో ఏడాదిలో సబ్జెక్టులు ఎంచుకున్నాక, పదహారేళ్లకు రాసే పరీక్షల మధ్యలో కదిలిస్తే పిల్ల నష్టపోతుంది. ఒక మాట నుంచి పారిపోవడానికే అయితే, ఆ డబ్బు దండగ. ఏదైనా, ఆ పిల్లను అడగకుండా నిర్ణయించకండి. ఆమెకు ఇప్పుడు స్నేహితులు ఏర్పడ్డారని మీ ఉత్తరం చివరి పేజీయే చెబుతోంది.

ఆ చివరి పేజీ గురించి. కూతురిని మొదట పోష్ అన్న పిల్లే ఆమెను ఇంటికి ‘టీ’కి పిలిచిందనీ, టీయే కదా అని మీరు రాత్రికి వంకాయ కూర చేసి ఉంచితే, పిల్ల కడుపు నిండా తిని వచ్చి పడుకుందనీ రాశారు. అక్కడ మధ్యాహ్న భోజనం ‘డిన్నర్’, సాయంత్రం ఐదు, ఆరు మధ్య తినే భోజనమే ‘టీ’. ఇప్పుడు మీరు ఆ పిల్లను తిరిగి పిలవాలనుకుంటూ, బిస్కట్లు చాలునా, మంచి కప్పులు తియ్యాలా అని అడిగారు. కప్పుల సంగతి వదిలేయండి. ‘సప్పర్’ అని మాత్రం అనకండి, రాత్రి భోజనానికి అది పోష్ వాళ్ల మాట, దానితో కథ మళ్లీ మొదటికి వస్తుంది. శనివారం ఐదు గంటలకు టీకి రమ్మనండి, అన్నం పెట్టండి. కారం తగ్గించి బంగాళాదుంప వేపుడు, పప్పు, పెరుగు. వేడివేడి గారెలు వేస్తే ఆ పిల్ల వాటిని ఏమంటుందో నాకు తెలుసు, అన్నప్పుడు ఈసారి మీ కూతురు ముఖం చూడండి.